డిస్టెన్స్ డ్రైవర్ కొనే ముందు, విసిరే ముందు

డిస్క్ గోల్ఫ్ దుకాణానికి వెళ్లిన కొత్తవారి చేయి ముందుగా వెళ్లేది 12, 13 అంకెలు వేసి ఉన్న డిస్టెన్స్ డ్రైవర్ల, అంటే చాలా దూరం విసరడానికి చేసిన డిస్కుల మీదికే. పెద్ద అంకె అంటే పెద్ద దూరం అనుకుంటారు. కొని, మైదానానికి తీసుకువెళ్లి, బలమంతా పెట్టి విసురుతారు. అది యాభై అరవై మీటర్లు వెళ్లి, ఎడమకు వంగి, నేలలో గుచ్చుకుంటుంది. పక్కన మరొకరు పాత మిడ్‌రేంజ్ (మధ్య దూరపు) డిస్క్‌ను తాపీగా విసిరి దానిని దాటించేస్తారు. డిస్క్‌లో లోపం లేదు, చేతిలో బలం తక్కువా కాదు. డిస్టెన్స్ డ్రైవర్ దూరాన్ని ఇవ్వదు. మీ దగ్గర ఉన్న వేగాన్ని దూరంగా మారుస్తుంది. వేగం లేనివారి చేతిలో అది అన్ని డిస్కులకన్నా తక్కువ దూరం వెళుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ముందు వేగం, తర్వాత డిస్క్, ఆ తర్వాతే బలం.

ఆట తెలియనివారికి రెండు మాటలు. గోల్ఫ్ నియమాలే, బంతికి బదులు డిస్క్, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఎడ్ హెడ్రిక్ పూనికతో 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో మొదటి శాశ్వత కోర్సు, అంటే ఈ ఆట మైదానం, వెలిసింది. గొలుసుల బుట్ట రూపకర్త కూడా ఆయనే. 1976లో ఆయనే పీడీజీఏ అనే ఆటగాళ్ల సంఘాన్ని మొదలుపెట్టారు. అమెరికాలో డాలస్, ఆస్టిన్, షార్లట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువారు పార్కుల్లో సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఈ బుట్టలను చూసే ఉంటారు. చాలా చోట్ల ఆడటానికి రుసుము ఉండదు. షార్లట్ వారికైతే పక్కనే ఉన్న రాక్ హిల్‌లో, విన్‌త్రాప్ విశ్వవిద్యాలయ ఆవరణలో 1999 నుంచి అమెరికా ఛాంపియన్‌షిప్ పోటీ జరుగుతోంది. డ్రైవర్ ఎలా విసరాలో చూడాలంటే అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక్కడ రాసినదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ విసురుకు, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా వెనక్కి తీసుకెళ్లి విసిరేదానికి. ఎడమచేతివారు కుడి, ఎడమలను తారుమారు చేసుకోవాలి.

మొదటి మెట్టు: మీ చేతి వేగం తెలుసుకోండి

కొనడానికి ముందు చేయాల్సిన పని ఇది. ఎవరూ చేయనిది కూడా ఇదే.

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం ఉన్న పాఠశాల దగ్గర్లో ఉంటే కొలత పని తేలిక. ఒక గోల్ గీత నుంచి రెండో గోల్ గీతకు సరిగ్గా 300 అడుగులు, అంటే 91 మీటర్లు. లేకపోతే ఫోనులో యూడిస్క్ అనే యాప్ ఉంది. విసిరిన చోటు నుంచి పడిన చోటికి నడిస్తే దూరం చెబుతుంది. గాలి లేని వేళ చూసుకుని, ఒక మిడ్‌రేంజ్, ఒక ఫెయిర్‌వే డ్రైవర్ (మిడ్‌రేంజ్‌కు, డిస్టెన్స్ డ్రైవర్‌కు మధ్య రకం) తీసుకుని పదేసి సార్లు విసరండి. అన్నిటిలోకి ఎక్కువ దూరం వెళ్లినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది మీ వేగం కాదు, మీ అదృష్టం. దూరాలను వరుసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి.

ఫెయిర్‌వే డ్రైవర్‌తో ఆ మధ్య దూరం 75 మీటర్లకు లోపు ఉంటే డిస్టెన్స్ డ్రైవర్ ఊసు ఇంకా వద్దు. 75 నుంచి 90 మధ్య ఉంటే వేగం (డిస్క్ మీది మొదటి అంకె) 9 ఉన్న డిస్కుల దాకా వెళ్లవచ్చు. 90 దాటితే 10, 11. 105 మీటర్లు నిలకడగా దాటుతున్నవారికే 12, 13 అంకెలు తమ అసలు పని చేసి చూపిస్తాయి. ఇవి రాతి మీద గీసిన గీతలు కావు. ఎత్తు పల్లాలు, చలి, డిస్క్ అరుగుదల కొంత మారుస్తాయి. కానీ చాలామంది ఆటగాళ్ల అనుభవం ఈ హద్దుల దగ్గరే తేలుతుంది.

లోపల చిన్న సెన్సర్ అమర్చిన డిస్కులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. టెక్‌డిస్క్ అలాంటిదే. విసురు వేగం, తిరుగుడు, ముక్కు (డిస్క్ ముందు అంచు) కోణం అన్నీ ఫోనులో చూపిస్తుంది. ఖరీదైనది. క్లబ్బులో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక పూట అడిగి తీసుకోండి. సమతల నేల మీద గంటకు 95 కిలోమీటర్ల వేగంతో, సరైన కోణంలో విసరగలిగితే 90 మీటర్ల గీత దాటడం కష్టం కాదు.

రెండో మెట్టు: నాలుగు అంకెలు చదవడం

డిస్క్ మీద నాలుగు అంకెలుంటాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ఇన్నోవా సంస్థ వారి డెస్ట్రాయర్ అనే ప్రసిద్ధ డిస్క్‌కు 12, 5, -1, 3.

స్పీడ్ అంటే ఆ డిస్క్ ఎంత వేగంగా వెళుతుందని కాదు, దాన్ని ఎంత వేగంగా విసరాలని. ఈ అంకె చాలావరకు అంచు వెడల్పును అనుసరిస్తుంది. పట్టర్ (దగ్గరి నుంచి బుట్టలోకి వేసే డిస్క్) అంచు సుమారు 1 సెంటీమీటరు ఉంటే 12, 13 అంకెల డ్రైవర్‌ది 2.2 నుంచి 2.5 దాకా ఉంటుంది. వెడల్పైన, పదునైన అంచు గాలిని చీల్చుకుంటూ పోతుంది. గ్లైడ్ అంటే గాలిలో తేలే గుణం. టర్న్ అంటే ప్రయాణం మొదటి భాగంలో కుడివైపు ఒరగడం. అంకె సున్నా కింద ఎంత పెద్దదైతే అంత ఎక్కువ ఒరుగుతుంది. ఫేడ్ అంటే చివర్లో ఎడమకు వంగడం. టర్న్ తక్కువ, ఫేడ్ ఎక్కువ ఉన్న డిస్క్‌ను ఓవర్‌స్టేబుల్ అని, దానికి తిరగబడినదాన్ని అండర్‌స్టేబుల్ అని ఆటగాళ్లు అంటారు.

ఈ కుడి, ఎడమ వంపులకు కారణం తెలుసుకుంటే మిగతా సగం పాఠం దానంతటదే వస్తుంది. తిరుగుతున్న బొంగరాన్ని ఒక పక్క నుంచి నెడితే అది నెట్టిన వైపుకు వాలదు, దానికి తొంభై డిగ్రీల అవతలికి వాలుతుంది. డిస్క్ విషయమూ ఇదే. వేగం బాగా ఉన్నప్పుడు గాలి ఎత్తే బలం డిస్క్ మధ్యబిందువుకు కొంచెం వెనక పనిచేసి ముక్కును కిందికి నొక్కాలని చూస్తుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్, పై నుంచి చూస్తే, గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది కాబట్టి ఆ నొక్కుడు కుడివైపు ఒరుగుడుగా బయటపడుతుంది. అదే టర్న్. వేగం తగ్గేకొద్దీ ఆ బలం మధ్యబిందువుకు ముందుకు జరిగి ముక్కును పైకెత్తాలని చూస్తుంది. ఈసారి డిస్క్ ఎడమకు ఒరుగుతుంది. అదే ఫేడ్. తిరుగుడు ఎంత ఎక్కువ ఉంటే ఈ రెండు ఒరుగుళ్లూ అంత నెమ్మదిగా జరుగుతాయి.

ఇప్పుడు మన కొత్త ఆటగాడి 13 అంకె డిస్క్‌కు ఏమైందో చూడండి. దానికి కావలసిన వేగం అందనేలేదు. మొదటి దశ జరగలేదు. చేతిలోంచి బయటపడిన క్షణం నుంచే చివరి దశ మొదలైంది. అందుకే సూటిగా ఎడమకు.

మరో సంగతి. ఈ అంకెలు పీడీజీఏ ఇచ్చేవి కావు, తయారీదారులు తమంతట తాము వేసుకునేవి. ఒక సంస్థ 11, మరో సంస్థ 11 ఒకటే అనుకోకండి. అదే అచ్చులో పోసిన రెండు డిస్కులు కూడా ప్లాస్టిక్‌ను బట్టి, పై భాగం ఉబ్బెత్తుగా ఉందా చదునుగా ఉందా అనేదాన్ని బట్టి కొంత తేడాగా ఎగురుతాయి. చదునుగా ఉన్నది సాధారణంగా ఎక్కువ ఓవర్‌స్టేబుల్. దుకాణంలో నాలుగైదింటిని కంటి ఎత్తులో పట్టుకుని చూస్తే ఈ తేడా కనిపిస్తుంది.

మూడో మెట్టు: ఎంపిక

పీడీజీఏ నియమాల ప్రకారం డిస్క్ వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు, అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు మించకూడదు, బరువు ఒక్కో సెంటీమీటరు వ్యాసానికి 8.3 గ్రాములు మించకూడదు. 21.1 సెంటీమీటర్ల డ్రైవర్‌కు లెక్క వేస్తే 175 గ్రాములు వస్తుంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో అల్టిమేట్ (జట్లుగా ఆడే ఫ్రిస్బీ ఆట) ఆడినవారికి ఈ 175 సుపరిచితమే; ఆ ఆట డిస్క్ బరువూ అంతే, కానీ దాని వ్యాసం 27 సెంటీమీటర్లు. అంత బరువూ ఈ చిన్న వృత్తంలో, అదీ ఎక్కువ భాగం అంచులో, ఇమిడిందన్నమాట. అల్టిమేట్ నుంచి వచ్చినవారికి తిరుగుడు ఇవ్వడం బాగా వచ్చు. వారికి తేడా వచ్చేది ముక్కు కోణం దగ్గర. అల్టిమేట్ డిస్క్ ముక్కు కొంచెం పైకి లేచినా క్షమిస్తుంది, డ్రైవర్ క్షమించదు.

మొదటి డిస్టెన్స్ డ్రైవర్‌గా ఏది? నా ఓటు వేగం 9 దగ్గర ఉన్న, టర్న్ -2 లేదా -3 ఉన్న డిస్క్‌కు. ఇన్నోవాలో వాల్కిరీ (9, 4, -2, 2), సైడ్‌వైండర్ (9, 5, -3, 1), డిస్‌క్రాఫ్ట్‌లో హీట్ (9, 6, -3, 1), స్వీడన్‌కు చెందిన లాటిట్యూడ్ 64 వారి డైమండ్ (8, 6, -3, 1) ఈ కోవలోవి. డైమండ్ తేలికపాటి బరువుల్లో దొరుకుతుంది, చేతి వేగం తక్కువ ఉన్నవారికి, పిల్లలకు బాగా నప్పుతుంది. వేగం పెరిగాక ఎంవీపీ వారి వేవ్ (11, 5, -2, 2), ఇన్నోవా టర్న్ (12, 6, -3, 2) లాంటివాటికి వెళ్లవచ్చు. ఈ చివరిదాని పేరు అంకెల్లోని టర్న్ కాదు, ఒక సముద్రపక్షి పేరు; దుకాణంలో అడిగేటప్పుడు తికమక పడకండి. డెస్ట్రాయర్, డిస్‌క్రాఫ్ట్ వారి జ్యూస్ (Zeus), న్యూక్ మంచి డిస్కులే. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన పాల్ మెక్‌బెత్ విసిరే డిస్క్ అని జ్యూస్ కొనేవారున్నారు. ఆయన చేయి కూడా దొరికితే కొనవచ్చు.

బరువు విషయంలో దుకాణదారులు ఎక్కువగా 170 నుంచి 175 గ్రాములవే నిల్వ ఉంచుతారు. చేతి వేగం తక్కువ ఉన్నవారు 150 నుంచి 165 మధ్య వెతకండి. తేలికైన డిస్క్‌ను వేగంగా విసరగలరు, అది తొందరగా కుడికి ఒరుగుతుంది, అంటే అండర్‌స్టేబుల్‌గా ప్రవర్తిస్తుంది. ఎదురుగాలిలో మాత్రం అదుపు తప్పుతుంది. గాలి ఎక్కువ ఉండే ఊరిలో ఉంటే బరువైనదే మేలు.

ప్లాస్టిక్ రెండు రకాలు అనుకోండి. చవక రకం పది డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. పట్టు బాగుంటుంది, కానీ చెట్లకు తగిలి త్వరగా అరిగి రోజురోజుకూ అండర్‌స్టేబుల్ అవుతుంది. మేలు రకం దాదాపు రెట్టింపు ధర, ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఎగురుతుంది. పట్టర్‌కు చవక రకం సరే గానీ డ్రైవర్‌కు మేలు రకమే కొనండి. ఎగిరే తీరు నెల నెలా మారిపోయే డిస్క్‌తో విసురు నేర్చుకోలేరు. ఖర్చు తగ్గించుకోవాలంటే దుకాణం మూలలో వాడిన డిస్కుల డబ్బా ఉంటుంది. కొంచెం అరిగిన మేలు రకం డ్రైవర్ కొత్తదానికన్నా నేర్చుకునేవారికి అనుకూలం.

చివరగా చేయి. వేళ్లు పొట్టిగా ఉన్నవారికి 2.3 సెంటీమీటర్ల అంచును గట్టిగా పట్టుకోవడమే కష్టం, వేళ్ల కొసలు లోపలి గోడను సరిగ్గా అందుకోవు. కొనే ముందు పట్టుకుని చూడండి. పట్టు కుదరని డిస్క్ అంకెలు ఎంత బాగున్నా మీది కాదు.

నాలుగో మెట్టు: పట్టు

డ్రైవర్‌కు వాడేది పవర్ గ్రిప్. నాలుగు వేళ్ల కొసలూ అంచు లోపలి గోడకు ఆనించి ముడవాలి, బొటనవేలు పైన, అంచుకు కొంచెం లోపలగా. అసలు నొక్కుడు చూపుడువేలికి, బొటనవేలికి మధ్య ఉండాలి. డిస్క్ చివరగా వదిలేది అక్కడే. మిగతా వేళ్లు దానికి తోడు. విసురు మొదట్లో పట్టు వదులుగా ఉండి, విడుదలకు ముందు మాత్రమే గట్టిపడాలి. మొదటి నుంచీ పిడికిలి బిగిస్తే ముంజేయి బిగుసుకుపోయి చేయి నెమ్మదిస్తుంది.

డిస్క్ అంచు అరచేతిలో ఏ గీత మీద కూర్చుందో చూసుకోండి. పట్టుకున్నాక చేయి చాపితే డిస్క్ తలం ముంజేతితో ఒకే వరుసలో ఉండాలి. ముక్కు పైకి లేచి కనిపిస్తే పట్టులోనే తప్పుంది, తర్వాత ఎంత సవరించినా తీరదు. మణికట్టును చిటికెనవేలి వైపు కొద్దిగా కిందికి వంచితే ముక్కు దిగుతుంది.

ఐదో మెట్టు: నిలబడి విసరడం

పరుగు, అడుగులు తర్వాత. చాలామందికి తాము విసిరే దూరంలో నాలుగింట మూడు వంతులకు పైగా నిలబడి విసిరితేనే వస్తుంది. నిలబడి విసిరినది బాగుండకపోతే అడుగులు తప్పును పెద్దది చేస్తాయే గానీ దిద్దవు.

కుడి భుజం లక్ష్యం వైపు ఉండేలా పక్కకు తిరిగి, పాదాలు భుజాల వెడల్పుకన్నా కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు సడలించి నిలబడండి. బరువు ఎడమ కాలి మీదికి మార్చి, నడుము, భుజాలు వెనక్కి తిప్పుతూ డిస్క్‌ను లక్ష్యానికి వ్యతిరేక దిశలో చాపండి. దీన్ని రీచ్‌బ్యాక్ అంటారు. ఈ సమయంలో చూపు లక్ష్యం మీద ఉండదు, ఉండనవసరం లేదు. తలను బలవంతంగా ముందుకు తిప్పి ఉంచితే భుజాలు తిరగవు.

ఇక్కడి నుంచి వరుస ముఖ్యం. ముందు బరువు కుడి కాలి మీదికి రావాలి. ఆ కాలు నేలను గట్టిగా పట్టుకున్నాక తుంటి తిరుగుతుంది, తుంటి వెనక భుజాలు, భుజాల వెనక మోచేయి, అన్నిటికన్నా చివర చేయి. చేతితో మొదలుపెట్టిన విసురుకు ఎంత కండ ఉన్నా వేగం రాదు. ఆజానుబాహువులు చెమటలు కక్కుతూ 70 మీటర్లు విసురుతుంటే, సన్నగా ఉన్న పదిహేనేళ్ల పిల్ల 100 మీటర్లు దాటించడం ఏ కోర్సులోనైనా చూడవచ్చు. ఆమె కాలితో విసురుతోంది.

డిస్క్ ఛాతీ మీదుగా వస్తున్నప్పుడు పై చేయి ఛాతీకి అతుక్కుపోకూడదు. భుజాల రేఖకు, పై చేతికి మధ్య సుమారు తొంభై డిగ్రీల కోణం నిలవాలి. మోచేయి ముందు నడవాలి, డిస్క్ ఛాతీకి దగ్గరగా సూటి గీతలో రావాలి, ఆ తర్వాతే ముంజేయి విచ్చుకోవాలి. మోచేయి వెనకబడి డిస్క్ ఒంటి చుట్టూ వంపు తిరిగి వస్తే సగం వేగం అక్కడే పోతుంది, దిశ కూడా తప్పుతుంది. కొత్తవారిలో సర్వసాధారణంగా కనిపించే లోపం ఇది. పక్క నుంచి, వెనక నుంచి ఫోనుతో నెమ్మది వీడియో తీసుకుంటే ఒక్క చూపులో దొరికిపోతుంది.

విడుదల క్షణంలో అరచేతిని కొద్దిగా ఆకాశం వైపు తిప్పండి. ముక్కు కిందికి ఉంచే అసలు కిటుకు ఇదే. చాలామంది ఈ చోట మణికట్టును దొర్లిస్తారు. దానితో డిస్క్ వణుకుతూ బయటపడి కుడికి పల్టీ కొడుతుంది. విడిచాక చేతిని ఆపకండి. ఒళ్లంతా దానంతటది తిరిగి ఆగనివ్వండి.

ముక్కు గురించి ఇంకొంచెం. డిస్క్ పైకి ఎగరాలి, కానీ ముక్కు పైకి లేవకూడదు. ఈ రెండూ వేరువేరు. దూరం కావాలంటే డిస్క్ ప్రయాణించే దారి పైకి వాలి ఉండాలి. డిస్క్ తలం ఆ దారికి సమానంగానో, కొంచెం కిందికో ఉండాలి. ముక్కు దారికన్నా పైకి లేస్తే గాలి డిస్క్ కింది భాగానికి తగిలి వేగాన్ని మింగేస్తుంది, డిస్క్ నిట్టనిలువుగా లేచి ఆగిపోయి ఎడమకు రాలిపోతుంది. ఎత్తు కావాలనుకున్నప్పుడు మణికట్టు ఎత్తకండి. రీచ్‌బ్యాక్‌లో డిస్క్‌ను కొంచెం కిందికి ఉంచి, నడుము నుంచి పైకి వాలి, మొత్తం విసురు గీతనే వాల్చండి.

ఆరో మెట్టు: అడుగులు

నిలబడి విసిరినవి పది వేస్తే ఏడెనిమిది అనుకున్న వైపు వెళుతున్నప్పుడు అడుగులు కలపండి. దీన్ని ఎక్స్‌స్టెప్ అంటారు: కుడి అడుగు, దాని వెనకగా ఎడమ అడుగు, మళ్లీ కుడి అడుగు స్థిరంగా నాటడం. ఎడమ కాలు వెనక దాటుతుండగా రీచ్‌బ్యాక్ సాగుతుంది, కుడి కాలు నేలను తాకే వేళకు చేయి పూర్తిగా వెనక ఉంటుంది. పరుగెత్తనవసరం లేదు, నడక చాలు. మొదట నెమ్మదిగా, చివరి అడుగు చురుగ్గా.

కుడి పాదం నాటినప్పుడు వేళ్లు లక్ష్యానికి సూటిగా ఉండకూడదు, దాదాపు అడ్డంగా ఉండాలి. విడిచాక మడమ మీద పాదం తిరగనివ్వండి. పాదం నేలకు అతుక్కుని ఒళ్లు మాత్రం తిరిగితే ఆ మెలిక మోకాలికి వెళుతుంది. ముళ్ల బూట్లతో తడి గడ్డి మీద ఆడేవారు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి.

నియమం సంగతి: విడుదల వేళ పాదం టీ (మొదటి విసురు విసిరే చోటు) ప్రాంతంలో ఉండాలి, విడిచాక ముందుకు దాటవచ్చు. టీ తర్వాతి విసురుల్లో, ముందు విసురు ఆగిన చోటును చూపే గుర్తు డిస్క్ వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న చోట ఒక కాలు ఆని ఉండాలి. కాబట్టి నాటే పాదాన్ని ఎప్పుడూ ఒకే చోట పెట్టడం అలవాటు చేసుకోండి.

ఏడో మెట్టు: కోణం

ఎడమ అంచు కిందికి వాల్చి విడిస్తే హైజర్, కుడి అంచు వాల్చితే యాన్‌హైజర్, రెండూ కాకపోతే చదును. అండర్‌స్టేబుల్ డ్రైవర్‌కు అందమైన దారి హైజర్ నుంచే. కొద్దిగా హైజర్ కోణంలో, ముక్కు దించి, వేగంగా విడిస్తే డిస్క్ నెమ్మదిగా కుడికి ఒరిగి చదునవుతుంది, కొంతదూరం కుడికి తేలుతుంది, వేగం చల్లారాక ఎడమకు తిరిగి మొదటి గీత దగ్గరికి వస్తుంది. ఈ పొడవాటి మెలిక దారే అన్నిటికన్నా ఎక్కువ దూరం ఇస్తుంది. అందుకే టర్న్ -2, -3 ఉన్నవి కొనమన్నది. ఓవర్‌స్టేబుల్ డ్రైవర్‌తో ఈ దారి తేవాలంటే యాన్‌హైజర్‌లో విసరాలి. అక్కడ కొత్తవారి మణికట్టు దొర్లిపోతుంది, చెడు అలవాటు పాతుకుంటుంది.

డిస్క్ చెప్పేది వినడం

ప్రతి విసురు తర్వాత కోపగించుకునే బదులు దాని దారి చదవండి. లేచి, ఆగి, ఎడమకు రాలితే ముక్కు లేచింది. చేతిలోంచి వచ్చిన వెంటనే కుడికి పల్టీ కొట్టి నేల తాకితే మణికట్టు దొర్లింది, లేదా మీ వేగానికి ఆ డిస్క్ మరీ అండర్‌స్టేబుల్. నిలకడైన డిస్క్‌తోనూ అలాగే జరిగితే తప్పు చేతిదే. వంపు లేకుండా సూటిగా లక్ష్యానికి కుడివైపు పోతే ఆలస్యంగా విడిచారు. సూటిగా ఎడమకు పోతే తొందరగా జారింది, చెమట తుడుచుకుని పట్టు చూసుకోండి. ముక్కు బాగానే ఉండి, తక్కువ ఎత్తులో మొదటి నుంచీ ఎడమకే వంగుతూ పోతే అది మీ చేతికి మించిన డిస్క్. ఒక అంకె దిగండి, ఇందులో చిన్నతనం లేదు.

గాలి, ఎత్తు

ఎదురుగాలి డిస్క్‌కు తగిలే గాలి వేగాన్ని పెంచుతుంది, కాబట్టి టర్న్ పెరుగుతుంది. మామూలుగా తిన్నగా వెళ్లే డిస్క్ కుడికి దొర్లిపోతుంది. అప్పుడు ఓవర్‌స్టేబుల్ డిస్క్ తీసుకుని, కింది ఎత్తులో, బలం తగ్గించి విసరాలి. వెనక గాలి దీనికి తిరగబడింది: టర్న్ పోతుంది, ఫేడ్ ముందే వస్తుంది, డిస్క్ త్వరగా దిగుతుంది. అండర్‌స్టేబుల్ డిస్క్‌ను ఇంకొంచెం ఎత్తుగా విసరండి. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ నెవాడాలోని ప్రిమ్ దగ్గరి ఎడారి మైదానంలో 338 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు నెలకొల్పినది బలమైన వెనక గాలిని నమ్ముకునే. ఆ అంకె చూసి నిరాశ పడనక్కర్లేదు, అది గాలితో పంచుకున్న రికార్డు. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో గాలి పలుచన కాబట్టి ప్రతి డిస్క్ ఒక మెట్టు ఓవర్‌స్టేబుల్‌గా మారినట్టుంటుంది.

ఫోర్‌హ్యాండ్‌తో విసిరితే టర్న్ ఎడమకు, ఫేడ్ కుడికి తారుమారవుతాయి. టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆడినవారికి ఇది త్వరగా పట్టుబడుతుంది. చేతి వేగం ఎక్కువగా, తిరుగుడు తక్కువగా ఉంటుంది కాబట్టి కొంచెం ఓవర్‌స్టేబుల్ డ్రైవర్ నప్పుతుంది. మోచేతికి భారం ఎక్కువ. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి.

సాధన, జాగ్రత్తలు

వారంలో రెండు మూడు సార్లు, ఒక్కోసారి నలభై యాభై విసుర్లు చాలు. మొదటి పావు వంతు పట్టర్లతో. పట్టర్‌ను వణుకు లేకుండా 60 మీటర్లు విసరగలిగిన చేయి డ్రైవర్‌కు సగం సిద్ధమైనట్టే, ఎందుకంటే పట్టర్ ఏ తప్పునూ దాచదు. భుజం, వెన్ను వేడెక్కాకే డ్రైవర్ తీయండి. పూర్తి బలంతో విసిరేవి కొన్నే ఉండాలి, మిగతావి ఎనభై శాతంతో. బలం తగ్గించినప్పుడు దూరం తగ్గకపోవడం చూసి మీకే ఆశ్చర్యం కలుగుతుంది. అప్పుడు వరుస కుదిరింది.

గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే 175 గ్రాముల పదునైన అంచు తలకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ముందు గుంపు పూర్తిగా కదిలేదాకా, నడకదారి మీద మనుషులు దాటేదాకా ఆగండి. డిస్క్ ఎవరి వైపైనా వెళుతుంటే మొహమాటపడకుండా ‘ఫోర్’ అని గట్టిగా అరవండి. పార్కు అందరిదీ.

కోర్సులో టీ మీద నిలబడినప్పుడు బుట్ట దూరం 80 మీటర్లుంటే డ్రైవర్ సంచిలోనే ఉండనివ్వండి. చెట్ల మధ్య ఇరుకు దారి ఉన్నా అంతే. ఖాళీ మైదానం, కొండ మీది నుంచి కిందికి ఉన్న హోల్ (టీ నుంచి ఒక బుట్ట దాకా ఉన్న దారి), నీటిని దాటాల్సిన పొడవాటి హోల్ దానికి సరైన చోట్లు. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ పట్టణంలో డెలవియాగా కోర్సు 27వ హోల్ కొండ అంచు నుంచి కిందికి దిగుతుంది. అలాంటి చోట డ్రైవర్ తీయకపోతే ఇక ఎక్కడా తీయనక్కర్లేదు. నీటి హోల్ దగ్గర మాత్రం కొత్త డిస్క్ తీసే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి. డిస్టెన్స్ డ్రైవర్లలో ఎక్కువ భాగం మునిగేవే. కొన్న రోజే చెరగని సిరాతో డిస్క్ లోపలి వైపు మీ ఫోను నంబరు రాసి ఉంచితే, దొరికినవారు పిలిచి ఇవ్వడం ఈ ఆటలో ఇప్పటికీ మామూలే.